ఎక్స్ నుంచి డీఎక్స్ దాకా

ఆరో తరగతిలో అగ్గిపుల్లలతో మొదలై ఇంటర్ రెండో ఏడాది అవకలన సమీకరణాలతో ముగిసే ఏడేళ్ల దారి ఇది. ఈ దారిలో మన పిల్లలు లెక్కలు బాగానే చేస్తున్నారు. అవన్నీ ఒకే సంగతి గురించి అని మాత్రం వాళ్లతో ఎవరూ అనడం లేదు.

జూన్‌లో జూనియర్ కాలేజీలు తెరిచిన తొలి పది పదిహేను రోజుల్లో ఏ ఎంపీసీ సెక్షన్‌లోనైనా వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. మొదటి పీరియడ్ ఫిజిక్స్. లెక్చరర్ బోర్డు మీద వేగం అని రాసి, దానికి సమానంగా డీఎక్స్ బై డీటీ అని రాస్తారు. 'సార్, పైనా కిందా డీ ఉంది కదా, కొట్టేయొచ్చా?' అని అడిగే ధైర్యవంతుడు ప్రతి సెక్షన్‌లోనూ ఒకడుంటాడు. క్లాసంతా నవ్వుతుంది. 'కొట్టేయకూడదురా. అదంతా మీ మ్యాథ్స్ సారు చెబుతారు, ప్రస్తుతానికి ఫార్ములా రాసుకోండి' అంటారు ఫిజిక్స్ సారు. రెండో పీరియడ్‌కి మ్యాథ్స్ సారు వస్తారు. ఆయన 1ఏ పుస్తకం (ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కు ముందు దాకా మొదటి ఏడాది లెక్కలంటే 1ఏ, 1బీ అని రెండు పుస్తకాలు) మొదటి అధ్యాయం తెరిచి వన్-వన్, ఆన్‌టూ, బైజెక్షన్ అంటూ రెండు కోడిగుడ్డు ఆకారాలు గీసి వాటి మధ్య బాణాలు వేస్తుంటారు. అవకలనం 1బీ పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం. అది వచ్చేసరికి దసరా సెలవులు అయిపోయి ఉంటాయి.

ఈలోపు ఫిజిక్స్ ఆగదు గనక చాలా కాలేజీల్లో ఒక చిట్కా కనిపెట్టారు. మొదటి వారంలోనే 'బేసిక్స్' పేరుతో ఓ జిరాక్స్ కాగితం పంచుతారు. ఎక్స్ పవర్ ఎన్ అయితే ఎన్ ముందుకొచ్చి పవర్‌లో ఒకటి తగ్గుతుంది, సైన్ అయితే కాస్ అవుతుంది, కాస్ అయితే మైనస్ సైన్ అవుతుంది. పిల్లలు రెండు రోజుల్లో పట్టేస్తారు. చెయ్యి తిరుగుతుంది, జవాబు వస్తుంది. ఎందుకు వస్తోందన్న ప్రశ్న దసరా దాకా వాయిదా పడుతుంది. దసరా తర్వాత మ్యాథ్స్ సారు అసలు కారణం చెప్పబోతే 'అది మాకు వచ్చు సార్' అంటారు. వచ్చినదాన్ని మళ్లీ వినే ఓపిక పదహారేళ్ల వయసులో ఎవరికుంటుంది?

తప్పు టైమ్‌టేబుల్‌దే అయితే ఓ సర్క్యులర్‌తో సరిచేయొచ్చు. కానీ ఈ చిక్కుముడి మొదటి పోగు ఇంకా కింద, ఆరో తరగతిలో ఉంది.

దాక్కున్న ఎక్స్, కదిలే ఎక్స్

బడిలో బీజగణితం ఆరంభం నిజానికి చక్కగా ఉంటుంది. ఒక 'ఎల్' ఆకారం పేర్చడానికి రెండు అగ్గిపుల్లలు కావాలి, రెండు ఆకారాలకు నాలుగు, మూడింటికి ఆరు. మరి 'ఎన్' ఆకారాలకు? 2ఎన్ పుల్లలు. ఇక్కడ ఎన్ ఎక్కడా దాక్కోలేదు. అది ఒకటి కావచ్చు, వంద కావచ్చు. అది పెరిగితే పుల్లలూ పెరుగుతాయి. ఒకటి మారితే దాన్ని బట్టి ఇంకొకటి ఎలా మారుతుందన్నదే అక్కడి కథ. కలనగణితం చివరిదాకా చెప్పే కథ కూడా ఇదే. పదకొండేళ్ల పిల్లకు మొదటి రోజే దాన్ని చూపించిన పాఠం అది.

కొన్ని పేజీలు తిరిగేసరికి సమీకరణాలు వస్తాయి. 2ఎక్స్ + 3 = 11 అయితే ఎక్స్ ఎంత? నాలుగు. ఈ ఎక్స్ ఎటూ కదలదు. తెర వెనక నక్కిన ఒకే ఒక్క సంఖ్య అది, బయటికి లాగితే పని అయిపోతుంది. అక్కణ్నుంచి పదో తరగతి దాకా ఈ ఎక్స్‌దే రాజ్యం. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, రెండంకెల సంఖ్యను తిరగేస్తే పద్దెనిమిది ఎక్కువ, పడవ ప్రవాహానికి ఎదురు వెళ్తే ఇన్ని గంటలు... ప్రతి లెక్కా చివరికి 'ఎక్స్ విలువ కనుక్కోండి' దగ్గర ఆగుతుంది. పాఠ్యపుస్తకం దాన్ని చరరాశి అనే పిలుస్తుంది, పాపం. నాలుగేళ్లపాటు చరించే అవకాశం మాత్రం దానికి ఇవ్వదు.

చరిత్రలోనూ దాక్కున్న ఎక్స్‌దే ముందు నడక. 628లో బ్రహ్మగుప్తుడు వర్గ సమీకరణాలకు సూత్రం చెప్పినా, 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు బీజగణితం రాసినా తెలియని రాశిని పట్టుకోవడమే లక్ష్యం. ఒక తెలియని రాశి ఉంటే యావత్తావత్ అనేవాళ్లు. రెండోది, మూడోది ఉంటే వాటికి రంగుల పేర్లు: కాలకం, నీలకం, పీతకం. సమీకరణంలో వాటి మొదటి అక్షరాలు రాసేవాళ్లు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కల పుస్తకం తెలుగు సాహిత్యానికి దాదాపు నన్నయ కాలపు చుట్టం. అక్కడ కూడా ప్రశ్న అడగడం, తెలియనిదాన్ని రాబట్టడమే పద్ధతి.

తెలియనిదానికే కాక తెలిసినదానికి కూడా అక్షరం వాడొచ్చని ఫ్రాన్స్‌లో వియెట్ 1591లో చూపించాడు. ఏఎక్స్ స్క్వేర్ + బీఎక్స్ + సీ అని ఇవాళ మనం అలవోకగా రాసేదానికి వెనక ఉన్న ఎత్తుగడ అదే. తొమ్మిదో తరగతి పిల్లలు తడబడేదీ సరిగ్గా ఇక్కడే. 'ఎక్స్ కనుక్కోమన్నారు సరే, మరి ఏ ఎంత సార్?' అని అడిగితే చాలామంది టీచర్లు విసుక్కుంటారు. నిజానికి ఆ పిల్లవాడు అడుగుతున్నది యూరప్‌కి శతాబ్దాలు పట్టిన ప్రశ్న. 1637లో డెకార్ట్ సమీకరణాన్ని వక్రరేఖతో ముడిపెట్టాడు. ఆ ముడి పడ్డాక వై = 2ఎక్స్ + 3 అంటే ఒక సంఖ్య కాదు, ఒక గీత. ఎక్స్ ఆ గీత కింద అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత యాభై ఏళ్లు తిరక్కుండానే కలనగణితం అచ్చులోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. లైబ్నిజ్ మొదటి వ్యాసం 1684 నాటిది.

దారంతో కట్టిన గ్రాఫ్ షీటు

మన పిల్లలు ఆ కదిలే ఎక్స్‌ని నిజంగా ముట్టుకునేది ఒక్కచోటే, గ్రాఫ్ కాగితం మీద. పదో తరగతి పరీక్షలో గ్రాఫ్ ప్రశ్న అంటే కచ్చితంగా వచ్చే మార్కులు. కుడివైపు పై మూలన స్కేలు రాయాలి, అక్షాలు గీయాలి, పట్టికలోని బిందువుల్ని గుర్తించి చేత్తో నున్నగా కలపాలి. బహుపది గ్రాఫ్ ఎక్స్ అక్షాన్ని ఎక్కడ కోసిందో చూసి 'శూన్యాలు' రాసేస్తే అయిపోయింది. ఆ షీటును జవాబు పత్రానికి దారంతో కట్టి ఇచ్చేస్తారు. గ్రాఫుతో చాలామందికి అదే ఆఖరి చూపు.

ఇంటర్‌లో గ్రాఫ్ షీటు దాదాపు మాయమవుతుంది. పదో తరగతిలో గిన్నెలా నిలబడి కనిపించిన వక్రరేఖ రెండేళ్ల తర్వాత 2బీలో పరావలయం పేరుతో మళ్లీ వస్తుంది. ఈసారి పక్కకు ఒరిగి, నాభి, నియతరేఖ, నాభిలంబం లాంటి పరివారంతో వస్తుంది. ఇద్దరూ ఒకరేనని ఒక్క నిమిషం ఆగి చెబితే బాగుండును. ఆ నిమిషం సిలబస్‌లో లేదు. అడిగి చూడండి, పరావలయం మీద ఏడు మార్కుల లెక్కను తడుముకోకుండా చేసే పిల్లల్లో కూడా చాలామంది ఆ చుట్టరికాన్ని ఎప్పుడూ తలచుకుని ఉండరు.

ఈ గోడు కొత్తదేం కాదు. 1901లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సభలో జాన్ పెర్రీ అనే ఇంజినీరింగ్ ఆచార్యుడు బళ్లలో లెక్కలు చెప్పే తీరును చీల్చి చెండాడాడు. గళ్ల కాగితం పిల్లల చేతికివ్వండి, కొలిపించండి, గీయించండి, కలనగణితం ఆలోచనల్ని తొందరగా పరిచయం చేయండి అన్నది ఆయన వాదన. నాలుగేళ్లకు, 1905లో, మెరాన్‌లో జర్మన్ గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ ప్రభావంతో తయారైన ప్రతిపాదనలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. బడి గణితానికి వెన్నెముక ప్రమేయం అనే ఆలోచన కావాలని, బీజగణితం, జ్యామితి వేర్వేరు అరల్లో కాక దాని చుట్టూ అల్లుకోవాలని, పై తరగతుల్లో అది సహజంగా కలనగణితానికి దారితీయాలని క్లైన్ పట్టుబట్టాడు. ఇది జరిగి 120 ఏళ్లు దాటింది. మన 1ఏ పుస్తకంలో ప్రమేయాలు మొదటి అధ్యాయమే. కానీ అందులో కదలిక లేదు. సమితులు, బాణాలు, నిర్వచనాలు ఉన్నాయి. ఆ అధ్యాయం అయ్యాక పిల్లవాడు ప్రమేయాన్ని మళ్లీ తలచుకోవాల్సిన అవసరం పరీక్షకు రాదు.

అట్టపెట్టె లెక్క

మాటలు కట్టిపెట్టి ఒక లెక్క చేద్దాం. ప్రపంచంలో కలనగణితం నేర్పే పుస్తకాలు చాలావాటిలో ఉండే లెక్కే. 30 సెంటీమీటర్ల చదరపు అట్ట ఉంది. నాలుగు మూలల్లోనూ సమానమైన చిన్న చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిస్తే మూతలేని పెట్టె తయారవుతుంది. ఎంత కత్తిరిస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది?

దీనికి ఇంటర్ అక్కర్లేదు. ఏడో తరగతి పాప చాలు. 1 సెంటీమీటరు కోస్తే అడుగు 28 బై 28, ఎత్తు 1. అంటే 784 ఘన సెంటీమీటర్లు. 2 కోస్తే 1352. 3 కోస్తే 1728. 4 కోస్తే 1936. 5 కోస్తే సరిగ్గా 2000. 6 కోస్తే 1944, 7 కోస్తే 1792. పెరుగుతూ పోయి మళ్లీ తగ్గింది. ఇంతవరకు గుణకారాలే.

తొమ్మిదో తరగతి కుర్రాడు దీన్ని ఒక్క వరుసలో రాస్తాడు. కోత ఎక్స్ అయితే అడుగు భుజం 30 - 2ఎక్స్, ఘనపరిమాణం ఎక్స్ ఇంటూ (30 - 2ఎక్స్) హోల్ స్క్వేర్. ఏడు గుణకారాలు ఒక వాక్యంలో ఒదిగిపోయాయి. గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట కనిపిస్తుంది. శిఖరం 5 దగ్గరో, ఆ చుట్టుపక్కలో.

ఇప్పుడు అసలు ప్రశ్న. శిఖరం 5 దగ్గరే ఉందని ఎలా నమ్మడం? 5.1 దగ్గర ఉండకూడదా? 4.9 దగ్గర? చేసి చూడండి. 4.9 కోస్తే 1999.396. 5.1 కోస్తే 1999.404. రెండూ 2000 కంటే ఒక ఘన సెంటీమీటరు కూడా తక్కువ కాలేదు. అదే గుట్ట మొదట్లో, 1 నుంచి 1.1కి జరిగితే 784 కాస్తా 850 దాటుతుంది. మిల్లీమీటరు జరిగితే 66 ఘన సెంటీమీటర్ల తేడా. అక్కడ మిల్లీమీటరుకు 66, ఇక్కడ మిల్లీమీటరుకు ఒకటి కూడా లేదు. గుట్ట ఎక్కేటప్పుడు ఏటవాలు, శిఖరం మీద చదును.

అవకలనం అంతా ఇంతే. ఎక్కడ ఎంత వాలు ఉందో చెప్పే యంత్రం అది. చదునుగా ఉన్నచోట వాలు సున్నా. ఇంటర్ అమ్మాయి ఆ యంత్రాన్ని ఈ ప్రమేయం మీద నడిపితే (30 - 2ఎక్స్) ఇంటూ (30 - 6ఎక్స్) వస్తుంది. అది సున్నా కావాలంటే ఎక్స్ 15 కావాలి, లేదా 5 కావాలి. 15 కోస్తే అట్టే మిగలదు. కాబట్టి 5. ఏ పట్టికా అక్కర్లేదు, ఏ అనుమానమూ లేదు. 30 బదులు ఏ కొలతైనా పెట్టండి, భుజంలో ఆరో వంతు కోయాలన్న జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

పదో తరగతిలో వాలు అన్నది సరళరేఖకు మాత్రమే ఉండే గుణం: వైల తేడాను ఎక్స్‌ల తేడాతో భాగించడం. ఇంటర్‌లో అదే భాగహారం వంపు తిరిగిన గీత మీద, తేడాను అతి చిన్నది చేసి, చేస్తాం. రెండు పాఠాల మధ్య దూరం ఒక్క అడుగు. మధ్యలో సరళరేఖాయుగ్మాలు, దిక్ కొసైన్‌లు, సమతలం వచ్చి కూర్చోవడంతో ఆ అడుగు ఎవరికీ కనబడదు.

ఆ కుర్రాడి అనుమానం బిషప్పు గారిది కూడా

అవకలనం మొదటి రోజు ఏం జరుగుతుందో చూద్దాం. ఎక్స్ స్క్వేర్ తీసుకుంటారు. ఎక్స్‌ని ఎక్స్ + హెచ్ చేస్తారు. తేడా 2ఎక్స్ హెచ్ + హెచ్ స్క్వేర్. దాన్ని హెచ్‌తో భాగిస్తే 2ఎక్స్ + హెచ్. ఇప్పుడు హెచ్ సున్నా చేస్తే 2ఎక్స్. శుభం.

'సార్, ఇందాక భాగించేటప్పుడు హెచ్ సున్నా కాదన్నారు. ఇప్పుడు సున్నా అంటున్నారు.'

ఈ మాట అన్న కుర్రాడికి సాధారణంగా దొరికే జవాబు 'లిమిట్ అంటే అంతేరా, ప్రొసీడ్ అవ్వు'. అన్యాయం. 1734లో జార్జ్ బర్క్‌లీ అనే మతాధికారి సరిగ్గా ఇదే తప్పు పట్టి న్యూటన్ అనుచరుల్ని నిలదీశాడు. చచ్చిపోయిన రాశుల దయ్యాలతో లెక్కలు చేస్తున్నారని ఎద్దేవా చేశాడు. గణితజ్ఞుల దగ్గర అప్పటికి గట్టి జవాబు లేదు. అయినా పని ఆపలేదు. గ్రహాల కక్ష్యలు, తీగల కంపనాలు, నీటి ప్రవాహాలు అన్నీ అనుమానపు పునాది మీదే లెక్కగట్టారు, జవాబులు సరిపోయాయి. 1821లో కోషీ అవధి అనే భావనను పాఠ్యపుస్తకంలో కాస్త పద్ధతిగా నిలబెట్టాడు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వైర్‌స్ట్రాస్ దాన్ని బిగించాడు. అంటే కలనగణితం ముందు పుట్టింది, అవధి దాదాపు నూటయాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. మనం బడిలో ముందు అవధి, తర్వాత అవకలనం, ఆ పై ఏడాది సమాకలనం చెబుతాం. వైశాల్యాల్ని ముక్కలుగా కోసి కూడే ఆలోచన ఆర్కిమెడీస్ నాటిదని గుర్తు చేసుకుంటే చరిత్ర మొత్తం తలకిందులైనట్టు.

తలకిందులైనందుకు నాకు అభ్యంతరం లేదు. తర్కానికి ఒక వరుస, చరిత్రకు ఒక వరుస ఉంటాయి. ఆ అనుమానం మూడు శతాబ్దాల కిందట పెద్దవాళ్లకే వచ్చిందని చెబితే ఆ కుర్రాడు వెనక్కి ఒరిగి కూర్చుంటాడా, ముందుకు వంగుతాడా అన్నదే నా ప్రశ్న.

ఇంకో మాట. కేరళలో 14, 15 శతాబ్దాల్లో మాధవుడు, ఆయన శిష్యపరంపర వృత్తం చుట్టుకొలతకూ సైన్, కొసైన్‌లకూ అనంత శ్రేణులు రాబట్టారు. వాటి నిరూపణల్ని జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో యుక్తిభాష అనే గ్రంథంలో పెట్టాడు. అది సంస్కృత శ్లోకాల్లో లేదు, మలయాళ వచనంలో ఉంది. సూత్రం చెప్పి ఊరుకోకుండా 'ఎందుకు' అన్నది ఇంటి భాషలో విడమరచిన పుస్తకం. మన క్లాసురూముల్లో ఇవాళ జరిగేది వింత మధ్యేమార్గం. సారు తెలుగులో వివరిస్తారు, బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాస్తారు. వివరణ గాల్లో పోతుంది, నోట్సులో ఇంగ్లిష్ స్టెప్పులే మిగులుతాయి. పరీక్ష ముందు రాత్రి పిల్లవాడి చేతిలో ఉండేవి ఆ స్టెప్పులే. తెలుగు అకాడమీ పుస్తకాల్లో తెలుగు గణితం ఉంది. దాన్ని తెరిచే చేతులు తగ్గిపోయాయి.

ఛాయిస్‌లో పోయిన శిఖరం

నిన్నమొన్నటిదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ గణితం అంటే నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 75 మార్కులు. పది రెండు మార్కుల ప్రశ్నలు, ఏడింటిలో ఐదు నాలుగు మార్కులవి, ఏడింటిలో ఐదు ఏడు మార్కులవి. ఏ అధ్యాయం నుంచి ఏ నంబరు ప్రశ్న వస్తుందో ప్రతి లెక్చరర్‌కీ కంఠతా వచ్చు. 1బీలో పెద్ద ప్రశ్నలు ఏడు: సరళరేఖలు, వాటి యుగ్మాల నుంచి మూడు, దిక్ కొసైన్‌ల నుంచి ఒకటి, చివర్లో అవకలనం, స్పర్శరేఖ-అభిలంబరేఖ, గరిష్ఠ-కనిష్ఠాలు. ఏడింటిలో రెండు వదిలేయొచ్చు. గరిష్ఠ-కనిష్ఠాల లెక్కలో ముందు మాటల్లోంచి సమీకరణం కట్టుకోవాలి, అది రిస్కు. కాబట్టి చాలామంది వదిలేసేది దాన్నే. పైన మనం చేసిన అట్టపెట్టె లెక్క ఉండేది అక్కడే. ఆరో తరగతి అగ్గిపుల్లల నుంచి ఎక్కుతూ వచ్చిన మెట్లన్నీ కలిసే ఒక్క చోటు ఛాయిస్‌లో ఎగిరిపోతుంది.

అధ్యాయాల వరుస కూడా అలాగే ఉంది. మొదటి ఏడాది 1బీలో అవకలనంతో గరిష్ఠాలు కనుక్కోవడం నేర్పి, రెండో ఏడాది 2ఏలో వర్గ సమాసం గరిష్ఠ విలువ కోసం వేరే సూత్రం కంఠతా పట్టిస్తారు. నిరుడు నేర్చిన యంత్రం పక్కనే ఉందని గుర్తుచేసే వాక్యం అరుదు. ఎక్స్ పవర్ ఎన్ అవకలనానికి సహజమైన దారి ద్విపద సిద్ధాంతం. అది రెండో ఏడాదిలో ఉంది. పాక్షిక భిన్నాలు 2ఏలో, వాటి అవసరం 2బీ సమాకలనంలో. రెండూ వేర్వేరు లెక్చరర్లు చెబితే ఆ భిన్నాలు ఎందుకు విడగొడుతున్నామో జనవరిలో తెలుస్తుంది, అప్పటికి రివిజన్ మొదలైపోతుంది.

ఆపైన ప్రవేశ పరీక్ష. ఎంసెట్ అన్నా, పేరు మారాక ఈఏపీసెట్ అన్నా ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో గణితం 80. ప్రశ్నకు సగటున నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. ఆ వేగంలో సమాకలనం చేసే తీరిక ఉండదు గనక కోచింగ్ సార్లు ఒక కిటుకు చెబుతారు: సమాకలనం చేయొద్దు, నాలుగు ఆప్షన్లనూ అవకలనం చేసి ఏది ప్రశ్నతో సరిపోతుందో చూడండి. పెదవి విరిచేవాళ్లు విరవచ్చు గానీ, కలనగణితపు మూల సిద్ధాంతం, అంటే ఈ రెండు క్రియలూ ఒకదానికొకటి తిరగేసినవే అన్న సంగతి, ఇంత సొంపుగా వాడకంలో ఇంకెక్కడా చూడలేం. అదే సారు అర నిమిషం ఆగి 'ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుసా?' అని అడిగితే అదొక మంచి పాఠమయ్యేది.

అక్కడి మన పిల్లలు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలో ఇదే వ్యవహారం ఇంకో రకం ఆందోళన. అమెరికా హైస్కూళ్లలో గణితం ఏడాదికో కోర్సుగా ఉంటుంది. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, చివర్లో కాలిక్యులస్. తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే పన్నెండుకు ప్రీకాలిక్యులస్ దగ్గరే ఆగిపోతారు. కాలిక్యులస్ చేరాలంటే ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 అయిపోవాలి. అందుకే ఆరో తరగతి ప్లేస్‌మెంట్ పరీక్ష నాటికే అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. బీజగణితం ఎప్పుడు మొదలవ్వాలన్న పేచీ అక్కడ పాతది. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలో 1892లో నియమించిన పదిమంది కమిటీ నాటి నుంచీ సాగుతూనే ఉంది. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కో బడులు ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను ఎత్తేసి అందరికీ తొమ్మిదిలోనే అన్నాయి. వెనకబడ్డ పిల్లలకు మేలు చేయాలన్నది ఉద్దేశం. పదేళ్ల రభస తర్వాత 2024 ఫిబ్రవరిలో స్కూలు బోర్డు వెనక్కి తగ్గింది. మరుసటి నెల ఓటర్లు కూడా ఎనిమిదిలోనే కావాలని తీర్పిచ్చారు.

ఆ దేశంలో ఈ పేచీని వేరే కోణంలో చూసినవాడు బాబ్ మోజెస్. 1960లలో మిసిసిపీలో నల్లజాతివారి ఓటుహక్కు కోసం దెబ్బలు తిన్న ఉద్యమకారుడు. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఓటు ఎలాగో బీజగణితం కూడా అలాగే పౌరహక్కు, అది రాని పిల్లకు చదువుల తలుపు మూసుకుపోతుందన్నది ఆయన వాదం. ఆయన క్లాసు బోర్డు దగ్గర మొదలయ్యేది కాదు. పిల్లల్ని సబ్‌వే రైలెక్కించి, ఏ స్టేషన్ ఎటువైపు, ఎన్ని స్టేషన్ల దూరమో మాట్లాడించి, బొమ్మ గీయించి, ఆ తర్వాతే ధన, రుణ సంఖ్యల్లోకి, గుర్తుల్లోకి తెచ్చేవాడు. మన ఆరో తరగతి అగ్గిపుల్లలకు అది దగ్గరి బంధువు.

తలుపు మాట మనకీ వర్తిస్తుంది. పదో తరగతి అయిన మే నెలలో, పదిహేనేళ్ల వయసులో, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని ఒక గడిలో టిక్కు పెట్టడంతో చాలామందికి గణితం శాశ్వతంగా ముగుస్తుంది. రేపు ఎపిడమిక్ గ్రాఫు చదవాల్సిన డాక్టరుకూ, వడ్డీరేటు మార్పును అర్థం చేసుకోవాల్సిన ఆర్థికశాస్త్ర విద్యార్థికీ వాలు అంటే ఏమిటో చెప్పిన ఆఖరి మనిషి పదో తరగతి మాస్టారే. పాలిటెక్నిక్‌కి వెళ్లినవాళ్లూ, పల్లెబడుల నుంచి ట్రిపుల్ ఐటీలకు ఎంపికైనవాళ్లూ ఆ విషయంలో నయం.

ఒకే పేపరు వచ్చింది, ఇక?

2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక తెచ్చి, ఏ, బీ పేపర్లు కలిపి నూరు మార్కుల ఒకే పేపరు చేసింది. రెండు పుస్తకాల మధ్య గోడ కూలడం మంచిదే. కానీ ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోనూ అవధులు, అవకలజాలు చివరి అధ్యాయాల్లోనే ఉన్నాయి. ఫిజిక్స్ సారు జూన్‌లో ఇంకా ఒంటరివాడే. పేపర్లు కలిపినంత తేలిగ్గా స్టాఫ్‌రూములో రెండు టేబుళ్లు కలిపితే ఎంతో జరుగుతుంది: మ్యాథ్స్ లెక్చరర్ జూన్ మొదటి వారంలో, సూత్రాల కాగితం పంచకముందే, ఒక పీరియడ్ గ్రాఫ్ షీటు మీద వాలు కొలిపిస్తే చాలు. నిరూపణలు దసరా తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు.

ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలుంటే ఈ ఆదివారం ఒక ఏ4 కాగితం ఇవ్వండి. 21 బై 29.7 సెంటీమీటర్లు. చదరం కాదు గనక ఆరో వంతు కిటుకు పనిచేయదు. మూలలు ఎంత కోస్తే పెట్టెలో ఎక్కువ పడుతుందో ముందు కత్తెరతో, తర్వాత పట్టికతో వెతకమనండి. ఇంటర్ పిల్లలైతే అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తారు. 12ఎక్స్ స్క్వేర్ - 202.8ఎక్స్ + 623.7 = 0 అని వస్తుంది. అంటే అచ్చమైన పదో తరగతి వర్గ సమీకరణం, అదే పాత సూత్రంతో తేలుతుంది. మూలాలు రెండు: సుమారు 4.04, సుమారు 12.86. మొదటిది కోస్తే 1128 ఘన సెంటీమీటర్ల పైచిలుకు పట్టే పెట్టె వస్తుంది. రెండోదాన్ని ఎందుకు పక్కన పెట్టాలో సూత్రం చెప్పదు. కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లేనని కత్తెర పట్టిన చేతికి తెలుస్తుంది.